మలావి పల్లెలో వాలంటీరుగా: నీళ్ళ క్యూ నుంచి రాత్రి దోమతెర దాకా

దక్షిణ మలావిలోని జోంబా జిల్లాలో, చిల్వా సరస్సు వైపు వెళ్ళే మట్టిరోడ్డు మీద ఉన్న ఒక ఊళ్ళో రెండేళ్ళు ఉన్నాను. అక్కడి సెకండరీ స్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పాను. వెళ్ళేముందు నాకు దొరికిన సమాచారమంతా వీసాలు, టీకాల గురించే. నీళ్ళ క్యూలో ఎలా నిలబడాలి, చావింటికి ఏం తీసుకెళ్ళాలి, పక్కింటావిడ అప్పు అడిగితే ఏం చెప్పాలి, ఇవి ఎవరూ చెప్పలేదు. పని కుదిరేదీ, చెడేదీ వీటి దగ్గరే. అందుకే ఈ వరసలో రాస్తున్నాను. ఆఫ్రికా అంటే యాభై నాలుగు దేశాలు. నేను చెప్పేది మలావి గురించి, అందులోనూ దక్షిణ మలావి పల్లెల గురించి మాత్రమే.

1. బయల్దేరే ముందు

పర్మిట్ కాగితాల పని మిమ్మల్ని పంపే సంస్థది. కాగితం చేతికి రాకుండా టికెట్ మాత్రం కొనకండి. పని ఏమిటో, ఎవరి కింద చేస్తారో, ఇల్లు ఎవరిస్తారో, నీళ్ళు ఎంత దూరమో రాతపూర్వకంగా అడగండి. "ఊరివాళ్ళు ఈ పని కావాలని అడిగారా?" అని కూడా అడగండి. దీనికి సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోటు చూసుకోవడం మేలు. నేను చూసిన ఒక స్కూల్లో ఎవరో దానం చేసిన కంప్యూటర్లు గదినిండా ఉన్నాయి. కరెంటు లేదు. పిల్లలు కిటికీలోంచి వాటిని చూసి వెళ్ళేవాళ్ళు.

ఎల్లో ఫీవర్, టైఫాయిడ్, హెపటైటిస్, కుక్కకాటు టీకాల గురించి ట్రావెల్ క్లినిక్‌లో డాక్టర్‌ని కనీసం రెండు నెలల ముందు కలవండి. మలేరియా మాత్రల మాట ప్రత్యేకంగా అడగండి. మన మెడికల్ షాపుల్లో దొరికే క్లోరోక్విన్ అక్కడి మలేరియా మీద పనిచేయదని 1993లోనే మలావి ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. వేరే మందు రాయించుకోవాలి. కొన్ని మాత్రలు రోజూ, కొన్ని వారానికోసారి వేసుకోవాలి. కొన్నిటిని తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి.

సామానులో సోలార్ లైటు, పవర్ బ్యాంకు, గట్టి చెప్పులు, రెయిన్‌కోటు పెట్టుకోండి. స్వెటర్ కూడా. ఆఫ్రికా కదా, స్వెటర్ ఎందుకనుకున్నాను నేను. జూన్, జులైల్లో దక్షిణ మలావిలో 'చిపెరోని' అనే సన్నటి ముసురు పట్టుకుంటుంది. రోజుల తరబడి ఎండ కనపడదు, ఎముకలు కొరికే చలి. ప్లగ్గులు మూడు చదరపు పిన్నుల ఇంగ్లండు రకం, మన ఛార్జర్లు నేరుగా పట్టవు. పోపు సామాను, చింతపండు, ఇంగువ కాస్త తీసుకెళ్ళండి. కందిపప్పు మాత్రం మోయకండి, ఎందుకో కింద చెప్తాను.

2. మొదటి వారం: పలకరింపులు

మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకండి. మలావి పల్లెలో పలకరించకుండా పని మొదలుపెట్టడం అంటే మనిషిని మనిషిగా చూడకపోవడమే. దుకాణంలో సబ్బు అడగాలన్నా ముందు పలకరింపు, తర్వాతే సబ్బు.

అక్కడి చిచేవా భాషలో పొద్దున "మ్వాద్జుకా బ్వాంజి?" అంటారు. ఎలా నిద్ర లేచారు అని. "న్దాద్జుకా బ్వినో, కయా ఇను?" అనాలి. బాగా లేచాను, మరి మీరో? మధ్యాహ్నం దాటాక "మ్వాస్వేరా బ్వాంజి?" అంటారు, పగలెలా గడిచింది అని. ఎప్పుడైనా పనికొచ్చేది "ములి బ్వాంజి?" థాంక్స్‌కి "జికోమో". దారిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా "జికోమో" అనే అంటారు. ఒకరి కాలికి రాయి తగిలితే, మీ తప్పేమీ లేకపోయినా "పెపాని" అనండి. అయ్యో అన్నట్టు.

చిచేవా భాషలో మనకి సులువైన సంగతి ఒకటుంది. నువ్వు, మీరు తేడా అచ్చం మనలాగే. 'ఇవె' అంటే నువ్వు, 'ఇను' అంటే మీరు. పెద్దవాళ్ళని 'ఇవె' అంటే ఎంత తప్పో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళని 'అమాయి' అంటే అమ్మా అని, మగవాళ్ళని 'అబంబో' అంటే అయ్యా అని, ముసలివాళ్ళని 'అగోగో' అని పిలవాలి. పేరు పెట్టి పిలవడం అరుదు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన వాలంటీర్లకి ఇవి అలవాటు కావడానికి నెలలు పడుతుంది, మనకి రెండు రోజులు చాలు.

ఎవరింటికెళ్ళినా వాకిట్లోనే ఆగి "ఓది!" అనండి. లోపల్నుంచి "ఓదిని!" అని వినపడితేనే ముందుకు కదలాలి. ఏదైనా ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో. ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటే కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించాలి. మీకు నీళ్ళిచ్చే ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటారు. చూసి ఇబ్బందిపడి లేచి నిలబడకండి. మీరూ కూర్చుని, తల వంచి తీసుకోండి.

ఊరిపెద్దని 'మ్ఫుము' అంటారు. మొదటి వారంలోనే స్కూలువాళ్ళనో, మీ సంస్థ మనిషినో వెంటబెట్టుకుని ఆయన్ని కలవాలి. లేదా ఆవిణ్ణి, ఎందుకంటే ఊరిపెద్దలుగా ఆడవాళ్ళూ ఉంటారు. ఇంకో సంగతి గమనించండి. ఇక్కడి చేవా, యావో, లోంవే తెగల కుటుంబాల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వస్తాడు. మన మాటల్లో చెప్పాలంటే ఇల్లరికం అక్కడ మామూలు సంగతి. పిల్లల విషయంలో తల్లి అన్నదమ్ముల మాటకి బరువెక్కువ. మేనమామని 'మలుమె' అంటారు. ఒక అమ్మాయి చదువు మాన్పిస్తున్నారని తెలిసి నేను తండ్రితో గంటసేపు మాట్లాడాను. ఆయన మర్యాదగా విన్నాడు. నిర్ణయం మలుమె చేతిలో ఉందని నాకు పక్కింటి అగోగో చెప్పేదాకా తెలియలేదు.

మిమ్మల్ని పిల్లలు 'అమ్వెన్యే' అని అరుస్తారు. భారతీయుడు అని అర్థం. మలావిలో మనవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచీ ఉన్నారు, ఎక్కువగా గుజరాతీ వ్యాపార కుటుంబాలు. పల్లెల్లో దుకాణాలుండేవి. 1970ల్లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం వాళ్ళని పెద్ద ఊళ్ళకే పరిమితం చేసింది. అందుకే పల్లెవాళ్ళ కంటికి భారతీయుడంటే టౌన్‌లో షాపు ఓనరు. మీకు షాపు లేదని, మీరు టీచరని, వాళ్ళతో పాటే నీళ్ళు మోస్తారని నమ్మడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఓపిక పట్టండి.

3. నీళ్ళు

రోజు మొదలయ్యేది ఇక్కడే. బోరింగుని 'మ్జిగో' అంటారు. ఎక్కువచోట్ల ఉండేది ఆఫ్రిదేవ్ రకం చేతిపంపు. 1980ల్లో కెన్యా, మలావిల్లో తయారుచేసి పరీక్షించిన పంపు ఇది. ఒక్క స్పానర్‌తో ఊరివాళ్ళే విప్పి రిపేరు చేసుకునేలా దీన్ని రూపొందించారు. పంపుకి ఒక కమిటీ ఉంటుంది, ఇంటికింతని చందా కడతారు. వెళ్ళిన నెలలోనే మీ చందా కట్టేయండి. ఎవరూ అడగరు, కానీ కట్టారో లేదో అందరికీ తెలుసు.

తెల్లవారుజామున నాలుగున్నరకి క్యూ మొదలవుతుంది. బకెట్లే క్యూ, మనుషులు పక్కన చెట్టుకింద కూర్చుంటారు. మీ బకెట్ చివర పెట్టి పలకరింపులు చెప్పి కూర్చోండి. "మీరు విదేశీయులు, ముందుకు రండి" అంటారు. వెళ్ళకండి. మీ వంతు వచ్చినప్పుడు ఇంకొకరు పంపు కొడతారు, తర్వాతి మనిషికి మీరు కొట్టాలి. బకెట్ ఇరవై లీటర్లు. ఆడవాళ్ళు నడుముకి కట్టుకునే చితెంజె అనే గుడ్డని చుట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంటారు. పైన ఒక చిన్న ఆకుకొమ్మ నీళ్ళలో వేస్తారు, నడుస్తుంటే తొణకకుండా. నేను నెత్తిన మోయలేక పది లీటర్ల క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని రెండుసార్లు తిరిగేవాణ్ణి. పనికి వెళ్ళాల్సిన రోజుల్లో ఎవరికైనా డబ్బిచ్చి తెప్పించుకోవడంలో తప్పులేదు. బడి మానేసే పిల్లల చేత మాత్రం తెప్పించకండి.

తాగే నీళ్ళు మరిగించండి, లేదా క్లోరిన్ వేయండి. బోరునీళ్ళు శుభ్రంగానే ఉన్నా బకెట్లో, కుండలో పాడవుతాయి. 2022, 23ల్లో మలావిలో వచ్చిన కలరాకి 1,700 మందికి పైగా చనిపోయారు. వానాకాలంలో ఈ జాగ్రత్త రెట్టింపు చేయాలి.

4. తిండి

న్సిమా లేకపోతే భోజనం చేసినట్టు కాదు. అన్నం తిన్నా "ఇంకా భోంచేయలేదు" అంటారు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి అది. రాయలసీమవాళ్ళకి చేతులు వాటంతట అవే వెళ్తాయి. కుడిచేత్తో చిన్న ముద్ద తీసుకుని, వేళ్ళతో నొక్కి, 'న్దివో'లో అద్దుకుని తినాలి. న్దివో అంటే కూర. తినేముందు ఒకరు చెంబుతో నీళ్ళు పోస్తూ అందరి చేతులూ కడిగిస్తారు.

వండటం నాకు ఎదురింటి అగోగో నేర్పింది. బొగ్గుల కుంపటి, అంటే 'ఎంబౌలా' మీద నీళ్ళు గోరువెచ్చనయ్యాక గుప్పెడు పిండి కలిపి జావ కాయాలి. అది బుడగలు పేలుతూ చేతి మీద చిందేదాకా ఉడకనివ్వాలి. నేను తొందరపడి పిండి పోయబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. జావ పచ్చివాసన పోయాక కొంచెం కొంచెంగా పిండి చల్లుతూ 'మ్తికో' అనే చెక్క తెడ్డుతో గిన్నె అంచుకి వేసి నొక్కుతూ తిప్పాలి. భుజం నొప్పెట్టాలి. ఆ తర్వాత తడిపిన గరిటెతో ఒక్కో ముద్ద తీసి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పిండి ఉండ కట్టిందంటే ఆవిడ ఏమీ అనేది కాదు, ఉండని వేలితో తీసి కోళ్ళకి వేసేది.

శాకాహారులు భయపడక్కర్లేదు. గుమ్మడాకు కూరని 'న్క్వాని' అంటారు, వేరుశెనగ పొడి వేసి వండుతారు, చాలా బాగుంటుంది. ఇక కందులు! చిచేవాలో 'నందోలో'. జోంబా, ఫలోంబే, ములాంజే జిల్లాల్లో మొక్కజొన్న సాళ్ళ మధ్య కంది వేస్తారు. ఏటా 50,000 టన్నుల కందులు మలావి నుంచి దిగుమతి చేసుకోవడానికి మన దేశం 2021లో ఒప్పందం చేసుకుంది. పటాన్‌చెరులో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి మలావి రాజధాని లిలోంగ్వే దగ్గర చితెద్జెలో కేంద్రం ఉంది, కంది, వేరుశెనగ రకాల మీద అక్కడ పనిచేస్తారు. అక్కడివాళ్ళు కందుల్ని పప్పుగా విడగొట్టకుండా గింజలుగానే ఉడకబెట్టుకుంటారు. నేను ఇసుర్రాయి లేకపోవడంతో రోట్లో దంచి, చెరిగి, పప్పుచారు పెట్టాను. అగోగో రెండోసారి వేయించుకుంది. ఆ సాయంత్రం నుంచే ఆ ఇంట్లో నాకు "ఓది" అనే అవసరం తప్పింది, అయినా అంటూనే ఉండేవాణ్ణి.

చిల్వా సరస్సు నుంచి వచ్చే ఎండు చిన్నచేపల్ని 'మతెంబా' అంటారు. తొలకరికి దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళని పట్టి వేయించుకుని తింటారు. మన పల్లెల్లో తిన్నవాళ్ళకి ఆ రుచి కొత్త కాదు.

5. పని వేళలు

మొదటి మూడు నెలలు కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ఇచ్చిన పని చేస్తూ చూడండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. వెళ్ళిన నెలలోనే ఫారం ఫోర్, అంటే సెకండరీ ఆఖరి తరగతి పిల్లలకి మధ్యాహ్నం మూడింటికి ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టాను. ఆఖరి పరీక్ష దగ్గరపడుతోందని నా టెన్షన్. అబ్బాయిలు వచ్చారు. పద్ధెనిమిది మంది అమ్మాయిల్లో ముగ్గురే వచ్చారు. శ్రద్ధ లేదని క్లాసులో మందలించాను కూడా. తర్వాత ఒకరోజు సాయంత్రం బోరింగు దగ్గర చూస్తే నా క్లాసు ఎగ్గొట్టిన అమ్మాయిలంతా అక్కడే బకెట్లతో ఉన్నారు. సాయంత్రం నీళ్ళు వాళ్ళ పని. ఇంట్లో పొయ్యి వెలగాలంటే వాళ్ళు నీళ్ళు తేవాలి. మర్నాడు క్షమించమని అడిగి, క్లాసుని బడి విరామంలోకి మార్చాను. పదహారు మంది వచ్చారు.

కాబట్టి ఏ పని పెట్టాలన్నా ముందు ఒక వారం పాటు ఎవరు ఏ గంటకి ఎక్కడ ఉంటారో రాసుకోండి. నీళ్ళు, పొలం, పిండిమర, సంత, ప్రార్థన. మర దగ్గర క్యూ ఎక్కువైన రోజున తల్లులెవరూ మీటింగుకి రారు. ఆదివారం చర్చి, యావో ఊళ్ళలో శుక్రవారం మసీదు. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, కరెంటు లేని ఊళ్ళో ఆ తర్వాత పనులుండవు.

క్లాసులు పెద్దవి. 1994లో ప్రాథమిక విద్య ఉచితం చేశాక పిల్లలు వెల్లువలా బడికి వచ్చారు, గదులూ టీచర్లూ ఆ లెక్కన పెరగలేదు. చిన్న తరగతుల్లో వందకి పైగా పిల్లలు ఒకే గదిలో ఉండటం చూస్తారు. పుస్తకాలు పంచుకుని చదువుతారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయడం, సీసామూతలు, గింజలతో లెక్కలు చెప్పడం సాధన చేసి వెళ్ళండి. అక్కడి టీచర్లు ఈ పని ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు, మొదట వాళ్ళ క్లాసులో వెనక కూర్చుని చూడండి.

6. ఆకలి నెలలు

నవంబరు, డిసెంబరుల్లో తొలివానలకి మొక్కజొన్న వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కోత. ఏడాదికి ఒక్క పంట. పాత గింజలు సంక్రాంతి నాటికే చాలా ఇళ్ళల్లో అయిపోతాయి. జనవరి నుంచి మార్చి దాకా మూడు పూటల తిండి రెండవుతుంది, రెండు ఒకటవుతుంది. పెద్దవాళ్ళు 'గన్యు'కి వెళ్తారు, వేరేవాళ్ళ పొలంలో కూలికి. తమ పొలంలో కలుపు పెరుగుతున్నా ఆ పూట పిండి కోసం పక్కవాడి పొలం తవ్వాలి.

ఈ నెలల్లో క్లాసులో పిల్లలు నిద్రపోతే లేపి నిలబెట్టకండి. పొద్దున ఏం తిన్నావని అందరిముందూ అడగకండి. మీ ఇంట్లో వంట వాసన చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టండి. అందరికీ పెట్టలేరు, అది నిజం, ఆ బాధ ఉంటుంది. నేను చేసింది ఇది: నెలకి ఇంత అని పక్కన తీసి, హెడ్‌మాస్టరుతో మాట్లాడి, బడిలో పొద్దున జావ కాసే తల్లుల కమిటీకి పిండి కొనిచ్చాను. నా పేరు చెప్పొద్దన్నాను.

7. డబ్బు, అడిగేవాళ్ళు

అడుగుతారు. బడి ఫీజు, మందులు, ఎరువు బస్తా. అడగడం అక్కడ సిగ్గుపడే విషయం కాదు, కాదనడం కూడా తప్పు కాదు. ముఖం చిట్లించడం తప్పు. ఒక నియమం పెట్టుకుని అందరికీ అదే చెప్పండి. విడిగా అప్పులివ్వడం కన్నా ఊళ్ళో 'బంకి న్ఖొండె' ఉంటే అందులో సభ్యత్వం అడగండి. వసారా బ్యాంకు అని అర్థం, మన పొదుపు సంఘాల లాంటిదే. వారం వారం కట్టి, అందులోంచే అప్పులు తీసుకుని, ఏడాది చివర పంచుకుంటారు. డ్వాక్రా మీటింగుకి వెళ్ళిన తల్లుల పిల్లలకి ఆ లెక్కల పుస్తకం చూడగానే అర్థమైపోతుంది.

కరెన్సీ క్వాచా. పల్లెల్లో ఏటీఎం ఉండదు, ఎయిర్‌టెల్ మనీ, టీఎన్ఎం ఎంపాంబా అనే ఫోన్ డబ్బు సేవల మీదే అంతా నడుస్తుంది. టౌన్‌కి మినీబస్సు, దగ్గర ఊళ్ళకి 'కబాజా' అనే సైకిల్ ట్యాక్సీ. రాత్రిపూట రోడ్డు ప్రయాణం వద్దు.

ఫోటోలు అడిగి తీయండి. పిల్లల ఫోటోలు తల్లిని అడిగి తీయండి. మీ బిడ్డ ఫోటో ఎవరో తెలియనివాళ్ళు ఇంటర్నెట్‌లో "పేదపిల్ల" అని పెడితే మీకెలా ఉంటుందో అలాగే వాళ్ళకీ.

8. చావు జరిగిన రోజు

ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రోజు పొలం పనులు ఆగుతాయి. చావు తంతుని 'మలిరో' అంటారు. మీకు ఆ మనిషి తెలియకపోయినా వెళ్ళాలి. ఆడవాళ్ళు పిండి, కట్టెలు మోసుకొస్తారు, ఇంట్లో శవం దగ్గర నేల మీద కూర్చుంటారు. మగవాళ్ళు బయట చెట్టుకింద. స్త్రీలు చితెంజె కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని వెళ్ళాలి. 'చిపెపెసో' అనే ఓదార్పు డబ్బు కొంచెమైనా ఇవ్వాలి. ఎక్కువిచ్చి అందరిలో వేరుగా కనపడకండి, పక్కవాళ్ళని అడిగి వాళ్ళతో సమానంగా ఇవ్వండి. మాటలు రాకపోతే "పెపాని" అని మౌనంగా కూర్చోండి. మా నాన్న పోయారని ఫోన్ వచ్చిన రాత్రి నా వసారా నిండిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. తెల్లారేదాకా కూర్చున్నారు.

9. ఒంటి సంగతి

సూర్యాస్తమయానికి ముందే పొడుగు చేతుల చొక్కా, రాత్రి దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకోవడం. జ్వరం వస్తే అలసట అనుకుని ఆగకండి, ఆ రోజే హెల్త్ సెంటర్‌లో వేలి రక్తంతో చేసే మలేరియా పరీక్ష చేయించుకోండి, పదిహేను ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం మలేరియా, చికిత్స ఆలస్యమైతే ప్రాణం మీదకి తెస్తుంది. సరస్సులో, నిలవ నీళ్ళలో దిగకండి. నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. నాలుగో నెలలో ఎక్కువగా పట్టుకుంటుంది. కొత్తదనం పోయి భాష ఇంకా రాని రోజులవి. ఇంటికి ఫోన్ చేయడానికి ఒక రోజు, ఒక గంట నిర్ణయించుకోండి. మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది అక్కడి టైము. మిగతా సాయంత్రాలు తలుపేసుకోకుండా వసారాలో కూర్చోండి. వేరుశెనక్కాయలు వలుస్తూ కూర్చున్నా చాలు, ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని తామూ వలుస్తారు.

10. తిరిగి వచ్చేటప్పుడు

మూడు నెలల ముందే చెప్పడం మొదలుపెట్టండి. మీ క్లాసులు, నోట్సు, కమిటీ లెక్కలు ఒక స్థానిక టీచరుకి అప్పజెప్పి, ఆఖరి నెల మీరు వెనక కూర్చోండి. సామాను పంచేటప్పుడు ఊరిపెద్దకి చెప్పి పంచండి, లేకపోతే మీరు వెళ్ళాక తగాదాలు మిగులుతాయి. నా బకెట్లు బోరింగు కమిటీకి, తెడ్డు మాత్రం అగోగోకే తిరిగిచ్చాను, అది ఆవిడదే.

వెళ్ళేవాళ్ళు "త్సలాని బ్వినో" అంటారు, క్షేమంగా ఉండండి అని. ఉండేవాళ్ళు "ముయెండే బ్వినో" అంటారు, క్షేమంగా వెళ్ళండి అని. రెండూ తారుమారు కాకుండా ముందే నేర్చుకోండి.

ఇంటికొచ్చాక మలేరియా మాత్రలు చెప్పినన్ని రోజులు వేసుకోండి. నీళ్ళలో దిగి ఉంటే మూడు నెలలకి బిల్హార్జియా పరీక్ష చేయించుకోండి. ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టర్ అడిగినా అడక్కపోయినా, మలావిలో ఉండి వచ్చానని మొదటి మాటగా చెప్పండి.